ఎండ ఎవరి మీద పడింది?

2018 వేసవిలో సూర్యాపేటలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. కుటుంబమంతా స్టేజీ మీద నిలబడ్డాం. ఫొటోగ్రాఫర్ కుర్రాడు మా నాన్నను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డ మా అమ్మను చూపిస్తూ "తాతయ్యా, మీ అమ్మగారిని కూడా కూర్చోమనండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. అప్పటికి నాన్నకు అరవై. అమ్మకు యాభై ఒకటి.

ఆ రాత్రి అక్కావాళ్ల డాబా మీద పడుకున్నాం. అందరూ నిద్రపోయారనుకున్నాక అమ్మ మెల్లగా అడిగింది. "బిడ్డా, ఈ ముడతలకు ఏమన్న మందుంటదా? టీవీల జూపిస్తరు గదా."

నేను లేచి కూర్చుని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆ ముడతలు నీ శ్రమ చరిత్ర అమ్మా అన్నాను. నువ్వు నాటిన ప్రతి మడీ నీ ముఖం మీద ఉంది, వాటిని చూసి సిగ్గుపడాల్సింది నువ్వు కాదు అన్నాను. ఆడవాళ్ల వయసును రోగంగా మార్చి క్రీములు అమ్ముకునే కంపెనీల గురించి చెప్పాను. అమ్మ అంతా విన్నది. విని, "నువ్వు మంచిగ మాట్లాడుతవు బిడ్డా" అన్నది. కాసేపాగి, "మరి పొద్దుగాల నువ్వు మొకానికి రాసుకునేదేంది?" అని అడిగింది.

"సన్‌స్క్రీన్."

"అంటే?"

"ఎండ తగలకుండా."

"నువ్వు ఎండకు పోవు గదనే."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అమ్మ అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఎప్పుడూ ముడతల సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాలువ కింద బతికే ఊరు. అమ్మ పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. కాలువకు తొలిసారి నీళ్లు వదిలిన ఏడాది పుట్టిందని అమ్మమ్మ చెప్పేది. అది 1967. ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు జనవరి ఒకటి. తేదీ తెలియని లక్షలాది మందికి మన కార్డులు ఇచ్చిన పుట్టినరోజు అదే. కాలువ వచ్చాక మెట్టలు మాగాణులయ్యాయి, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరయింది. ఆ వరి నాట్లన్నీ ఆడవాళ్లు వేసినవే. అమ్మ పన్నెండో ఏట ముఠాలో చేరింది. వానాకాలం నాట్లు, కలుపులు, యాసంగి నాట్లు, మధ్యలో కోదాడ వైపు వెళ్లి మిరపకాయలు ఏరడం, ఎండాకాలం ఉపాధి హామీ మట్టి పని. నాన్న మిల్లులో హమాలీ. బస్తాలు మోసి ఆయన నడుము పోయింది, ఊకదుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆయన కష్టం తక్కువదని నేను అనను. కానీ ఆయన పని రేకుల షెడ్డు కింద. అమ్మ పని ఆకాశం కింద. ఫొటోగ్రాఫర్ కుర్రాడికి కనిపించింది ఆ తేడాయే.

నేను కోదాడలో లెక్చరర్ని. క్లాసురూములో ఫ్యాను కింద పాఠం చెబుతాను. బస్సులో ఎండ పడని వైపు సీటు చూసుకుని కూర్చుంటాను. మా ఊరి నుంచి కోదాడకు దూరం ఎక్కువేం కాదు. ఎండలో నుంచి నీడలోకి రావడానికి మాత్రం మా ఇంట్లో ఒక తరం పట్టింది. ఆ దారి ఖర్చు అమ్మ కూలి డబ్బులే.

2019 సంక్రాంతికి ఇంటికి వెళ్తే అమ్మ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తున్నాయి, చెంపల మీద నూగు వెంట్రుకలు. ఎండలోకి అడుగు పెడితే మంట అంటోంది. ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి అక్క చెప్పింది. ఫంక్షన్ అయిన నెలకే అమ్మ ఒక మందుల షాపులో అడిగి ఒక ట్యూబు కొనుక్కుందట. మొదటి రెండు మూడు వారాలు ముఖం తేటగా అయిందట, బుగ్గల మీది మంగు తగ్గిందట. "నాలుగేండ్లు తగ్గినవే అక్కా" అని ముఠాలో వాళ్లు అన్నారట. ఆ మాట కోసం ఇంకో ట్యూబు కొన్నది, ఆ తర్వాత ఇంకొకటి.

సూర్యాపేటలో చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ట్యూబు చూడగానే స్టెరాయిడ్ అన్నారు. తెల్లబడటానికి, మచ్చలు పోవడానికి అని జనం వాడే పూతమందుల్లో చాలావాటిలో ఈ స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదట నునుపు చేస్తుంది, తర్వాత చర్మాన్ని ఉల్లిపొరలాగా పలుచన చేస్తుంది. మానేద్దామంటే మంట, ఎరుపు రెట్టింపవుతాయి. అందుకే మనిషి మళ్లీ ఆ ట్యూబు దగ్గరికే పోతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన తెచ్చింది. అమ్మ కొన్నదీ ఆ ఏడాదే.

ఆ రోజు డాక్టరు చేసిన ఒక పని నేను మరిచిపోలేను. అమ్మ రవిక చేతిని కొంచెం పైకి జరిపి నన్ను చూడమన్నారు. రవిక అంచు దగ్గర గీత గీసినట్టు రెండు చర్మాలు. గీతకు కింద నల్లగా, మందంగా, చెరువు ఎండినప్పటి మట్టిలాగా నెర్రెలు. గీతకు పైన నునుపుగా, లేతగా, దాదాపు నా చేతిలాగే. "ఇదీ మీ అమ్మగారి అసలు వయసు. కిందిది వయసు కాదు, ఎండ" అన్నారు ఆమె.

తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఇది. చర్మానికి బిగువునిచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్లు గడిచేకొద్దీ అవి వాటంతటవే కొంత తగ్గుతాయి. ఆ ముసలితనం అందరికీ వస్తుంది, అది సన్నటి ముడతలతో నెమ్మదిగా వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి పొర దాకా దిగి ఆ పోగులను తెంచి, చిక్కులు వేసి, ముద్దగా చేస్తే వచ్చేది రెండోది. దాని ముడతలు లోతుగా ఉంటాయి, చర్మం తోలులా మందమవుతుంది, మచ్చలు కడుతుంది. మన నల్లచర్మంలోని మెలనిన్ తెల్లవాళ్లకు లేని రక్షణ మనకు ఇస్తుంది. అందువల్ల మనకు ఎండ ముందుగా మంగుగా, మచ్చలుగా తేలుతుంది. ముడతలు ఆలస్యంగా పడతాయి. అయినా యాభై ఏళ్లకే మా అమ్మ ముఖం అలా అయిందంటే, ఆ రక్షణ కూడా తట్టుకోలేనంత ఎండ ఆమె మీద పడిందన్నమాట.

2012లో ఒక అమెరికా వైద్య పత్రిక ఒక లారీ డ్రైవరు ఫొటో వేసింది. అరవై తొమ్మిదేళ్ల మనిషి, ఇరవై ఎనిమిదేళ్లు బండి నడిపాడు. అక్కడ డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి కిటికీ వైపున్న ఎడమ చెంప అంతా లోతైన ముడతలు. కుడి చెంప అతనికంటే చాలా చిన్నవాడిదిలా ఉంది. ఒకే మనిషి, ఒకే పుట్టినరోజు, రెండు ముఖాలు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే హైవే పక్క హోటళ్లలో టీ తాగే డ్రైవర్లను ఆ తర్వాత నేను గమనించి చూడటం మొదలుపెట్టాను. మనవాళ్లు కూర్చునేది కుడి పక్క.

అంటే మనం ముఖంలో వయసు చదువుతున్నామని అనుకుంటాం గానీ చాలాసార్లు చదివేది పనిని. పనిలోనూ ఏ పని, ఎవరి పొలంలో, ఏ వేళకి అన్నది. భానుపురి అని పాత పేరున్న సూర్యాపేటకు రెండు పేర్లూ సూర్యుడివే. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం ఈ మూడు ఊళ్లకూ కొత్త కాదు. ఆ ఎండ ఊరంతటి మీదా కాస్తుంది. కానీ ఊరంతటి మీదా సమానంగా పడదు. భూమి ఎవరికుందో, ఎవరికి లేదో తెలియాలంటే పట్టాదారు పుస్తకాలే చూడనక్కర్లేదు, మధ్యాహ్నం పన్నెండుకి ఎవరు ఎక్కడున్నారో చూసినా తెలుస్తుంది. ఏ కులాల ఆడవాళ్లు గడప లోపల ఉన్నారో, ఏ కులాల ఆడవాళ్లు మడిలో వంగి ఉన్నారో కూడా తెలుస్తుంది.

ఇంత చెప్పినా డాక్టరు రాసిచ్చిన చీటీలో ఏముంది? ట్యూబు పూర్తిగా మానాలి, మంట తగ్గడానికి ఇంకో మందు వాడాలి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలోకి వెళ్లకూడదు, వెళ్లాల్సి వస్తే సన్‌స్క్రీన్ రాసుకోవాలి, రెండు గంటలకొకసారి మళ్లీ రాసుకోవాలి. డాక్టరు తప్పేం లేదు, వైద్యం అంతే. బయటికి వచ్చాక అమ్మ అడిగింది. "పది నుంచి నాలుగు దాక ఇంట్ల కూసుంటే నాటెవరేస్తరు బిడ్డా?"

లెక్క వేశాను. ముఖానికి, మెడకు సరిపడా రాస్తే ఒకసారికి గ్రామున్నర నుంచి రెండు గ్రాములు. పొద్దున నుంచి సాయంత్రానికి నాలుగుసార్లు. చేతులు వదిలేసినా యాభై గ్రాముల ట్యూబు ఆరు నుంచి ఎనిమిది రోజులే వస్తుంది. నేను వాడే ట్యూబు ధర అప్పటి అమ్మ రోజు కూలి కంటే ఎక్కువ. వారంలో ఒక రోజు కూలికి పైగా, మిగతా రోజుల ఎండ నుంచి తప్పించుకోవడానికే పోతుంది. ఎండకు వెళ్లని నాకు ఆ ట్యూబు రెండు నెలలు వస్తుంది.

ఇక్కడే నన్ను వెంటాడుతున్న ప్రశ్న. ఒక మనిషి ముఖం మీది ముడతలను మనం ఏమనాలి? నష్టం అనాలా, అందం అనాలా?

మార్కెట్ దాన్ని నష్టం అంటుంది. అయితే ఆ నష్టానికి కారణం ఆ ఆడమనిషి అజాగ్రత్తే అంటుంది. 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. తెలుపు అన్న మాట పోయి మెరుపు వచ్చింది, ముఖం మీద వేలెత్తి చూపడం పోలేదు. 2002లో అమెరికాలో కనుబొమల మధ్య ముడతలకు బొటాక్స్ సూదికి అనుమతి ఇచ్చారు. ఇప్పుడు మన జిల్లా కేంద్రాల బోర్డుల మీద కూడా ఆ పేరు కనిపిస్తోంది. వయసు మగవాడికి హుందాతనాన్ని ఇస్తే, ఆడదాన్ని పోటీలోంచే తీసేస్తుందని సుసాన్ సోంటాగ్ 1972లోనే ఒక వ్యాసంలో వాదించింది. మా ఫొటోలో నాన్న తాతయ్య అయ్యాడు, అమ్మ ఆయనకు తల్లి అయింది. సోంటాగ్ చెప్పింది నిజమే. కానీ ఆమె మాట్లాడిన ఆడవాళ్లకు పోగొట్టుకోవడానికి ఒక యవ్వనం ఉంది. పన్నెండేళ్లకు నారుకట్ట పట్టుకున్న మనిషికి ఆ యవ్వనం ఎప్పుడొచ్చింది?

మార్కెట్‌ను తిట్టడం సులువు. రెండో జవాబు మనది, మన రచనలది. శ్రమజీవి ముడతల ముఖాన్ని మనం కవితల్లో పొగిడాం, పత్రికల ముఖచిత్రాలుగా వేశాం, ఫొటో ప్రదర్శనల్లో గోడలకు తగిలించాం. ప్రతి ముడతా ఒక కావ్యం అన్నాం. ఆ రాత్రి డాబా మీద నేను చేసిందీ అదే. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక మోసం కనిపిస్తోంది. ఒకరి మీద జరిగిన నష్టాన్ని అందం అని పిలవగానే, ఆ నష్టం ఎవరి వల్ల జరిగిందన్న ప్రశ్న ఆగిపోతుంది. ఎండ ప్రకృతి అవుతుంది, ముడత చరిత్ర అవుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మడిలో నిలబెట్టిన మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. పైగా ఆ అందాన్ని మెచ్చుకునే మేం ఎవరమూ దాన్ని మా ముఖాల మీద కోరుకోం. మా బ్యాగుల్లో ట్యూబులుంటాయి.

అమ్మ కోరికను నేను మార్కెట్ నేర్పిన కోరిక అన్నాను. అందులో నిజం లేకపోలేదు. కానీ నవ్వులపాలైన రోజు రాత్రి ఒక మనిషి తన ముఖం గురించి అడిగిన ప్రశ్నకు సిద్ధాంతం జవాబు కాదు. తెలిసిన మనిషిగా తెలిసిన సంగతి చెప్పాలి. నేను చెప్పలేదు. నేను చెప్పనిదాన్ని షాపువాడు చెప్పాడు. కూతురి దగ్గర దొరకని జవాబు అమ్మకు ట్యూబులో దొరికింది.

ముడతల ముఖాన్ని గౌరవించకూడదని కాదు నేను అనేది. మల్లు స్వరాజ్యం గారు మా జిల్లా మనిషే, తుంగతుర్తి ప్రాంతం. 1931లో పుట్టి 2022లో చనిపోయారు. చివరి సంవత్సరాల్లో ఆమె ముఖమంతా ముడతలే. ఆ ముఖాన్ని చూసి ఎవరూ జాలిపడలేదు. ఎందుకంటే ఆ ముఖం వెనక ఏముందో ఆమె తన నోటితో చెప్పుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు విని, రాసుకుని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. అందులో ఆమె గొంతు ఉంది. ఆ పుస్తకం మాకు నేర్పిన పాఠం ఒక్కటే, ముందు వినండి అని. ఆ పుస్తకాన్ని క్లాసులో చెప్పుకుంటూ తిరిగే నేను, మా అమ్మ ముడతలకు అర్థం ఆమెకు బదులు నేనే చెప్పేశాను. ఆమె ఏమనుకుంటోందో అడగలేదు.

2021లో తెలంగాణలో వృద్ధాప్య పింఛను వయసు అరవై ఐదు నుంచి యాభై ఏడుకు తగ్గించినప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడి మనిషి ఆమె ముఖం చూసి ముందు కుర్చీ చూపించాడు. కార్డు చూసి "చూస్తే డెబ్బై ఉంటయి, కార్డుల యాభై నాలుగే ఉన్నయి, ఏం చేయాలె" అన్నాడు. వేలిముద్ర వేయమంటే మిషను తీసుకోలేదు. నారు పట్టీ పట్టీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. అదే ఏడాది ముఠా మేస్త్రీ "ముసలోళ్లను పెట్టుకుంటే గుత్త గిట్టదు" అని ఆమెను తగ్గించాడు. పని దగ్గరేమో ముఖాన్ని నమ్మారు, కార్డును నమ్మలేదు. పింఛను దగ్గరేమో కార్డును నమ్మారు, ముఖాన్ని నమ్మలేదు. రెండు చోట్లా నష్టపోయింది ఆమే. పన్నెండో ఏట పనిలో దిగిన మనిషికి యాభై నాలుగేళ్లకు నలభై రెండేళ్ల సర్వీసు. వయసును పుట్టిన రోజు నుంచి కాక పనిలో దిగిన రోజు నుంచి లెక్కపెట్టే ఆఫీసు మనకు ఇంకా లేదు.

అందుకని ముడతలు అందమా నష్టమా అన్న ప్రశ్నను నేను ఇప్పుడు వేరేగా అడుగుతున్నాను. ఇది నష్టమే అయితే, బాకీ ఎవరిది? 2005 ఉపాధి హామీ చట్టంలో పని జరిగే చోట తాగునీరు, పిల్లలకు నీడ, మధ్యలో విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. నీడ అన్న మాట చట్టంలోకి ఎక్కడం చిన్న సంగతి కాదు. మా అమ్మ పనిచేసిన చోట్ల మాత్రం తుమ్మచెట్టు ఉంటే నీడ ఉంది, లేకపోతే లేదు. 2023 జనవరి నుంచి ఆ పనుల్లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. పొద్దున్నే పని ముగించుకున్నా రెండో ఫొటో కోసం ఎండలో ఆగాల్సి వచ్చింది. 2015 మే వడగాడ్పుల్లో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. ఎండ అనేది పని వల్ల వచ్చే ప్రమాదమని, చర్మ క్యాన్సర్లలో మెలనోమా కాని రకాల వల్ల జరిగే చావుల్లో దాదాపు మూడో వంతుకు ఎండలో చేసే పనే కారణమని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. మన చర్మాలకు ఆ క్యాన్సర్ తక్కువే. కానీ ఎండను పనిముట్టు దెబ్బలాగా, యంత్రం ప్రమాదంలాగా లెక్కలోకి తీసుకోవాలన్న మాట మనకూ వర్తిస్తుంది. పని గంటలు మార్చడం, గట్టు మీద ఒక పందిరి, మధ్యాహ్నం మూడు గంటలు కూలి తెగకుండా విరామం. ఇవేవీ క్రీములు కావు. అయినా ముఖాన్ని కాపాడేవి ఇవే.

అమ్మకు చర్మం మామూలు కావడానికి ఏడాది పట్టింది. ముడతలు పోలేదు. పలుచబడ్డ చోట ఇంకొన్ని చేరాయి. ఇప్పుడు పొలానికి అప్పుడప్పుడే వెళ్తోంది. వెళ్లినా పొద్దున పది లోపే వచ్చేస్తోంది.

మొన్న సెలవుల్లో పొద్దున్నే నేను అద్దం ముందు ట్యూబు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. "నాకూ రాయి" అన్నది. ముఖానికి రాయబోతే కొంగు తీసి తల వంచింది. "మొకానికి గాదు, మెడకు రాయి ఎనక. నాటేసేటప్పుడు ఎండంత ఆడనే కొడతది. కొంగు జారిపోతది, చేతులకు బురద, సదురుకోరాదు."

ఆ మెడ మీద చర్మం నలుపలకల గడులుగా పగిలి ఉంది. ఇన్నేళ్లుగా నేను ఆమె ముఖం గురించే ఆలోచించాను. ఆమె చెప్పేదాకా మెడ చూడలేదు. రాస్తూ, ఆ రాత్రి చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాను. "పడ్డ ముడతలు పోవమ్మా. కొత్తవి రాకుండ మాత్రం జూసుకోవచ్చు. షాపుల అడిగి ఏం కొనకు, డాక్టర్నడగాలె."

అమ్మ తల ఎత్తకుండానే అన్నది.

"గా ముక్క గప్పుడే జెప్తే అయిపోవు గదా బిడ్డా."